అత్తగారి కోపం ఎన్ని టన్నులు

పొద్దున్నే కాటా పలక ఊడ్చి, సున్నా సరిచూసుకుని, తూకం చీటీల కట్ట తీసి పెట్టుకోవడంతో ఆమె ఉద్యోగం మొదలయ్యేది. పెద్ద దేశానికీ చిన్న దేశానికీ మధ్య ఏటి మీద ఉన్నది ఒక్కటే వంతెన. నలభై టన్నులు దాటితే కూలుతుందని బోర్డు. ఆ ఒడ్డు నుంచి వచ్చే ప్రతి లారీ వంతెన మీదే ఈ చివరనున్న ఆమె కాటా మీదుగానే రోడ్డెక్కాలి.

ఇంట్లో అత్తగారిది వేరే తూకం. ఆవిడ కోపమొస్తే బరువెక్కేది. చిన్న కోపానికే మంచం కోళ్ళు నేలలోకి దిగేవి. ఆటోవాళ్ళు "పెద్దమ్మా, ఇవాళ మనసు బాగుందా?" అని అడిగి మరీ ఎక్కించుకునేవాళ్ళు. కొడుకుని సొంత ప్రభుత్వమే జైల్లో వేసిన రోజున వంటగది గచ్చులో మోకాలి దాకా దిగబడింది. గుంట పూడ్చడానికొచ్చిన మేస్త్రీ, ఎలాగూ మళ్ళీ రావాలిగా అని తాపీ అక్కడే వదిలిపోయాడు.

కోడలికి మాత్రం కోపం రాదు, ఏడుపొస్తుంది. ఎప్పుడు తూగినా యాభై రెండు కిలోలే.

ఆ రోజు అవతల ఒడ్డున పెద్ద దేశం సైనిక లారీలు బారులు తీరాయి. వాళ్ళ ఆఫీసరు ముందుగా నడిచొచ్చాడు.

"మీ ప్రభుత్వం మిమ్మల్ని కాల్చుకు తింటోందమ్మా. దాన్ని దించడానికే వచ్చాం. చీటీలు రాసి గేటెత్తు. ఎల్లుండికి మీ ఆయన ఇంట్లో ఉంటాడు."

ఆయన చొక్కా ఇంకా తలుపు వెనక కొక్కేనికి అలాగే వేలాడుతోంది. దానికి ముఖం ఆనించుకోని రోజు లేదు. చీటీలన్నీ రాసేసింది.

గేటు ఎత్తబోతుంటే క్యారియర్ పట్టుకొచ్చిన అత్తగారు, స్టూలు లాక్కుని కాటా నడిమధ్యన కూర్చుంది.

"లేవండత్తయ్యా! మీ అబ్బాయి వస్తాడు."

"వస్తాడు. వాడితో పాటే వీళ్ళూ దిగబడతారు. పైనున్న దేశానికీ సాయమనే పోయారు. పదేళ్ళయింది, కదిలారా?"

"మరి మనవాళ్ళు చేసింది బాగుందా?"

"మనవాళ్ళ జుట్టు నేను పట్టుకుంటానే! ఇంటి తగువు తీర్చమని పక్కింటోడికి తాళాలిస్తామా?"

నలుగురు సైనికులు ఎత్తబోయారు. చీర కుచ్చెళ్ళు కూడా కదల్లేదు. కాటా పద్దెనిమిది టన్నులు చూపించింది.

కోడలు ఏడుస్తూ వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుని లాగింది.

"అలా లాగు," ఆఫీసరు నవ్వాడు. "మీ బతుకు మీరు చక్కబెట్టుకోగలిగితే మేమెందుకు? ముసలిది లేవకపోతే మీ ఆయన సంగతి మర్చిపో. ఆ జైలు మా ఫిరంగులకి ఎంతో దూరం లేదు."

ఆమె ఏడుపు ఆగిపోయింది.

ఆయన్ని విడిపిస్తానన్న నోరూ అదే, కాల్చేస్తానన్న నోరూ అదే.

ఆమె కాళ్ళ కింద కాటా ఇనప పలక వంగింది. ఇరవై ఆరు. ముప్ఫై మూడు. ముప్ఫై తొమ్మిది. వంతెన మూలిగింది. గేటెత్తుతారని మధ్యదాకా వచ్చేసిన మొదటి లారీ డ్రైవరు బోర్డు చూసి, ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా బండి వెనక్కి నడిపాడు. ఆ వెనక మిగతావీ. ఆఫీసరు వాటి వెంట పరుగెత్తాడు.

"ఇంత బరువు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?" అంది అత్తగారు.

కోడలు చీటీలు చింపి ఏట్లో పారేసింది.

మర్నాడు అత్తాకోడళ్ళని ఏ ఆటోవాడూ ఎక్కించుకోలేదు. జైలు దాకా నడిచే వెళ్ళారు. మొదటి మెట్టు మీద కోడలు కాలు పెట్టగానే రాయి నిలువునా చీలింది. పైన కాపలావాడు తాళాల గుత్తి వెతుక్కోసాగాడు.

"మెల్లగానే పిల్లా," అంది అత్తగారు. "ఇంకా పదకొండు మెట్లున్నాయి."