ఉడుము ఊపిరి

“నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా,” అన్నారు మా ఆయన, ఆ అద్దాల పెట్టెని ఆటోలోంచి ఇద్దరు మనుషుల చేత దింపిస్తూ. నేనప్పుడు వరండాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్నాను. పెట్టె నాలుగడుగుల పొడుగుంది. లోపల ఎర్రమట్టి, ఇసుక, ఒకదాని మీద ఒకటి పేర్చిన నాపరాయి ముక్కలు, పైన రెండు లైట్లు. మా బావగారి కొడుకు నవదీప్ గుడ్డసంచీ మూతి విప్పి అందులోకి ఒంపాడు. జానెడున్నర ఉడుము ఒకటి, ఒంటినిండా పసుపు చుక్కలు, తోకనిండా ముళ్ళు, ఒక్క పరుగున రాళ్ళ మధ్యకి దూరి, తల మాత్రం బయటపెట్టి నన్ను చూసింది. అలాంటి చూపు నేను పదకొండేళ్ళప్పుడు పెనుగొలనులో చూశాను. మళ్ళీ చూస్తానని అనుకోలేదు.

నవదీప్‌ది హైదరాబాదులో ఉద్యోగం. కంపెనీవాళ్ళు ఆరునెలలు పూణే పంపిస్తున్నారట, అక్కడి హాస్టల్లో దీన్ని ఉండనివ్వరట. “మన ఉడుముల్ని పెంచితే జైల్లో వేస్తారు పిన్నీ. ఇది ఆస్ట్రేలియాది. కాగితాలన్నీ ఉన్నాయి,” అని ఫైలు చూపించాడు. మా అత్తగారు సరోజినీదేవి గారు ఉడుము గుమ్మం తొక్కితే ఇల్లు ఖాళీచేసి శాంతి చేయించాలనే మనిషి. ఈసారి మాత్రం, “అదంతా మన ఉడుములకేనే. ఇది ఫారిన్‌ది,” అని తేల్చేశారు. మనవడు తెచ్చిన దానికి అరిష్టం అంటదు.

ఆ ఉడుము రావడానికి సరిగ్గా వారం ముందు విస్సన్నపేటలో ఒక జూనియర్ కాలేజీవాళ్ళు నన్ను జువాలజీ చెప్పడానికి రమ్మన్నారు. పెళ్ళికి ముందు రెండేళ్ళు, పెళ్ళయ్యాక కొన్నాళ్ళు చెప్పాను. నీహారిక కడుపున పడ్డాక మానేశాను. పిల్ల బడికి వెళ్ళాక చూద్దామన్నారు, పదో తరగతి అయ్యాక చూద్దామన్నారు, ఇంటర్ కీలకం కదా అన్నారు. నిరుడు పిల్ల బెజవాడ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఇక చూద్దాం అనడానికి ఎవరూ మిగల్లేదు. మా ఆయన నాలుగు రోజులు ఏమీ అనకుండా ఊరుకుంటే నేను, పిచ్చిదాన్ని, ఒప్పుకున్నారనుకుని రెండు కాటన్ చీరలకి గంజి కూడా పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళుగా చూద్దాం అంటున్నవాళ్ళకి కావలసిన కొత్త కారణం ఆటోలో వచ్చి గుమ్మంలో దిగింది.

దాని సేవ అంతా ఇంతా కాదు. నవదీప్ రెండు పేజీల చీటీ రాసి పెట్టె మీద అంటించి వెళ్ళాడు. పొద్దున ఏడింటికి లైట్లు వెయ్యాలి. ఒక పక్క రాయి కాలిపోయేంత వేడిగా ఉండాలి, రెండో పక్క చల్లగా ఉండాలి. రెండు పూటలా మట్టి మీద నీళ్ళు చిలకరించాలి. పదకొండింటికి తిండి. బస్సు పార్సిల్లో వచ్చిన పురుగులకి కాల్షియం పొడి పట్టించి, బజ్జీలకి పిండి పట్టించినట్టు, ఒక్కొక్కటే పట్టకారుతో అందించాలి. ఆ పురుగులకి మళ్ళీ క్యారెట్ తురుము. పెంట తియ్యాలి. కరెంటు పోతే దానికి చలేస్తుందని మా ఆయన ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇన్వర్టర్ లైను లాగించారు. వంటింట్లో పొగ బయటికి పోవడానికి ఫ్యాను పెట్టించమని నేను పదకొండేళ్ళుగా అడుగుతున్నాను, గోడకి కన్నం కొట్టి వదిలేశారు. ఆ కన్నంలో పిచిక కాపురం పెట్టింది. కోపం నాకు ఉడుము మీద రాలేదు. అదేం చేసింది పాపం. నిజం చెప్పాలంటే పదకొండింటికి అది నాలుక ఆడిస్తూ నా చేతి దగ్గరికి వచ్చే ఆ పావుగంట కోసం నేను తెల్లారినప్పటినుంచీ ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే ఆ పావుగంట నేను ఈ ఇంట్లో లేను.

పెనుగొలనులో మా నాన్నకి ఆరెకరాల మామిడితోట ఉండేది. తోటపనంతా ఏసోబుది. నాన్నకంటే పదేళ్ళు పెద్దవాడైనా మా ఇంట్లో అందరూ అతన్ని ఏరా అనేవాళ్ళు, నేను కూడా పేరు పెట్టే పిలిచేదాన్ని. అతను మాత్రం అంత పిల్లని పట్టుకుని మీరు అనేవాడు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ ఏడు తొలకరికి గట్టు సరిచేస్తుంటే పుట్ట ఒకటి విరిగి అందులోంచి ఉడుముపిల్లలు బిలబిలా పరిగెత్తాయి. ఒకదాని కాలు మట్టిపెళ్ళ కింద నలిగి అక్కడే ఉండిపోయింది. ఏసోబు దాన్ని తువ్వాల్లో చుట్టి నాకిచ్చాడు. కాయలు లారీకెక్కించే చెక్కపెట్టెలో సగం ఇసుక, సగం వరిగడ్డి వేసి, పైన ఇనప జల్లెడ మూతపెట్టి, మోటారు షెడ్డు పక్కన ఎండా నీడా కలిసేచోట ఉంచాడు. “దానికి ఎటు కావాలంటే అటు పోయేట్టుండాల చిన్నమ్మా,” అన్నాడు. నవదీప్ నలభై వేలు పోసి పెట్టించిన ఈ లైట్లూ, వేడి చూపే మీటర్లూ చెప్పేది అదే ముక్క.

దానికి పండు అని పేరు పెట్టుకున్నాను. బడి విడవగానే పాలపొడి డబ్బా పట్టుకుని జనపచేలో మిడతలు పట్టేదాన్ని. కోళ్ళ గూట్లోంచి గుడ్డు దొంగిలించి పరికిణీలో దాచుకుని పరిగెత్తేదాన్ని, అమ్మ అది పిల్లి పని అనుకుని పిల్లిని తిట్టేది. పండు గుడ్డుసొన నాకుతుంటే నేనూ ఏసోబూ చెరోపక్క గొంతుక్కూర్చుని చూసేవాళ్ళం. మామిడాకుల వాసన, మోటారు నీళ్ళ చప్పుడు, అతని చుట్ట కంపు, ఇవన్నీ కలిసిన ఆ మధ్యాహ్నాల్లో నన్ను ఎవరూ ఏ పనికీ పిలవలేదు. పిలవని మధ్యాహ్నాలు అవే ఆఖరివని అప్పుడు తెలియలేదు.

ఒకరోజు పండు జల్లెడ తోసుకుని షెడ్డు గోడ పగుల్లో దూరింది. నేను తోక పట్టుకుని లాగాను. రాదే. రెండు చేతులతో లాగాను. ఏసోబు చూసి పరిగెత్తుకొచ్చాడు. “లాగమాకండి చిన్నమ్మా. లాగేకొద్దీ ఊపిరి బిగబట్టి ఉబ్బుద్ది. గోళ్ళు ఊడతాయిగానీ అది రాదు.” మరెట్టా అని ఏడ్చాను. “ఊరికే కూచోండి. దానికి మాత్రం బయటికి రావాలని ఉండదా ఏంటి?” కూర్చున్నాం. చుట్ట అయిపోయింది. నీడ షెడ్డు దాటి గట్టెక్కింది. అప్పుడు పండు పొట్ట మెల్లగా తగ్గి, తల తిప్పుకుని, నా పాదం మీదుగా నడిచి వచ్చింది. ఆ గోళ్ళు చల్లగా గీసుకున్న చోటు నేను ఇప్పటికీ చూపించగలను.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. పదకొండు రోజులు మూల కూర్చోబెట్టారు, పేరంటాలకి పిండివంటలు పెట్టారు. లేచేసరికి పెట్టె ఖాళీ. ఈడొచ్చిన పిల్ల తోటలవెంట ఉడుముల్నేసుకుని తిరగడమేంటని అమ్మ వదిలేయించింది. ఆ తరవాత నన్ను తోటకి పంపలేదు. ఏసోబు ఇంటికి పాలు తెచ్చినప్పుడల్లా గుమ్మం బయట నిలబడి, ఎవరికో చెప్పినట్టు, “బానే ఉంది. పెద్దదయింది. షెడ్డుకాడే తిరుగుతంది,” అనేవాడు. నా పెళ్ళి రోజున కూడా అన్నాడు. నిజమో అబద్ధమో నేనెన్నడూ అడగలేదు. అతను పోయి ఆరేళ్ళయింది.

శుక్రవారం కాలేజీ ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. “సోమవారం తొమ్మిదికల్లా మీరు రాకపోతే వేరే ఆవిడని తీసుకుంటాం మేడమ్.” మా ఆయనకి చెప్పాను. టీవీ సౌండు తగ్గించకుండానే, “కాలేజీ ఎక్కడికి పోద్ది, వచ్చే ఏడు చూద్దాం. వాడు అంత నమ్మకంగా నీ చేతుల్లో పెట్టి వెళ్ళాడు,” అన్నారు. అత్తయ్య, “నోరులేని జీవం. తిండి లేక పోతే దాని ఉసురు ఊరికే పోదు,” అన్నారు. నోరున్న జీవం ఉసురు సంగతి ఎవరూ ఎత్తలేదు. వంటింట్లోకి వెళ్ళి చారు పోపు పెట్టాను. ఆ పొగకి కళ్ళు మండితే ఏడవడానికి వేరే కారణం చెప్పక్కర్లేదు, అదొక సుఖం.

ఆదివారం పొద్దున మా ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చారు, ఫారిన్ ఉడుమును చూడ్డానికి. మా ఆయనకి ఎరువుల కొట్టు ఉంది, ఆ పరిచయాలు. కొత్తవాళ్ళ గొంతులు వినగానే అది రాళ్ళ మధ్యకి పోయింది. మా ఆయన పెట్టె తలుపు జరిపి చెయ్యి పెట్టి వెనకకాలు దొరకబుచ్చుకుని లాగారు. అది ఉబ్బింది. ఇంకా గట్టిగా లాగారు. పై రాయి కదిలింది గానీ అది కదల్లేదు. “అబ్బో, ఏం పట్టు,” అన్నాడొకాయన. “ఉడుము పట్టంటే అదే మరి,” అన్నారు మా ఆయన, నవ్వుతూ. అత్తయ్య కుర్చీలోంచే, “ఆ పట్టు మా కోడలికీ ఉందిలే నాయనా. ఉద్యోగం ఉద్యోగం అని పదిరోజుల నుంచీ ఒకటే,” అన్నారు. అందరూ నవ్వారు. నేను కాఫీ ట్రేతో నిలబడి ఉన్నాను. దాని గోరు దగ్గర చిన్న నెత్తురు చుక్క కనపడింది.

“వదిలెయ్యండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయనకీ కొత్తగానే ఉన్నట్టుంది, వదిలేశారు. ట్రే బల్లమీద పెట్టేసి పెట్టె ముందు నేలమీద కూర్చున్నాను. కప్పులు ఎవరూ అందించకపోతే వాళ్ళే తీసుకున్నారు. పంచదార తక్కువైందన్నారు, నేను లేవలేదు. కాసేపటికి వాళ్ళు వెళ్ళిపోయారు. “ఏంటే ఆ కూర్చోడం, పొయ్యిమీద పప్పు మాడుతోంది,” అన్నారు అత్తయ్య. మాడనివ్వండి అనలేదు, అంత ధైర్యం రాలేదు. లేవలేదంతే. ఆవిడే వెళ్ళి కట్టేశారు.

అక్కడ కూర్చుని దాని పక్కటెముకల వైపే చూశాను. అవి బిగుసుకుని రాయికి ఆనుకుని ఉన్నాయి. ఉడుము పట్టు, ఉడుము పట్టు అని పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. అదేం పట్టుకుంది? పట్టుకున్నవాడు బయట ఉన్నాడు. లోపలున్నది ఊపిరి బిగబట్టింది, అంతే. లాగేవాడికి అది మొండితనంలా తగులుతుంది, వాడే దానికి పట్టు అని పేరు పెట్టాడు, ఆ మాటే లోకమంతా నిలబడింది. నేను ఇన్నేళ్ళుగా నన్ను మొండిదాన్నే అనుకున్నాను. ఈ ఇంట్లో ఏదో పట్టుకు వేలాడుతున్నాననీ, తప్పు నాదేననీ అనుకున్నాను. నేను దేన్నీ పట్టుకోలేదు. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంకా ఎంతకాలం ఊపిరి బిగబట్టుకుని ఉంటాను? అది బయటికి రావడానికి ముప్పావుగంట పట్టింది. వచ్చి నాలుక ఆడించి నీళ్ళగిన్నె వైపు వెళ్ళింది. నేను లేచి బీరువాలోంచి గంజిచీర తీసి ఇస్త్రీ చేసుకున్నాను.

సోమవారం పొద్దున ఏడుంబావుకి వంట చేసిపెట్టి, లైట్లు వేసి, నీళ్ళు చిలకరించి, “పదకొండింటికి తిండి మీరు పెట్టండి, చీటీ పెట్టెమీద ఉంది,” అని మా ఆయనకి చెప్పాను. గడ్డం గీసుకుంటున్నారు. నురగలోంచి, “ఏంటి?” అన్నారు. రెండోసారి చెప్పలేదు. బస్టాండులో విస్సన్నపేట బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చీమలపాడు వైపు తోటల్లో కోతలైపోయిన మామిడిచెట్లు వానకి తడిసి నల్లగా ఉన్నాయి. ఏసోబు గుర్తొచ్చాడు. అతన్ని ‘ఆయన’ అని ఒక్కసారైనా అనలేకపోయానే అని దారంతా బాధపడ్డాను.

పొద్దుటి క్లాసులు అయ్యి పదకొండున్నరకి స్టాఫ్‌రూములో కూర్చున్నాక ఫోన్ మోగింది. మా ఆయన. కోప్పడతారనుకున్నాను.

“కొట్టు మూసేసి వచ్చాను. పొడి పట్టించి పెట్టాను. మొత్తానికి తింది,” అన్నారు. గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది. “చేతులు అదోరకం వాసన. పెంట కూడా నేనే తీశాను.”

“మంచి పని చేశారు,” అన్నాను.

“సాయంత్రం నువ్వొచ్చాక ఇంకేం ఉండదుగా?”

“సాయంత్రం ఉండదు. మళ్ళీ రేపు పదకొండింటికి.”

“రేపు కూడానా?”

“రోజూ.”

అటు కుళాయి చప్పుడు, మళ్ళీ చేతులు కడుక్కుంటున్నట్టున్నారు.

“రోజూ అంటే,” అన్నారు కుళాయి కట్టేసి, “రోజూ చెయ్యాలంటే కష్టం కదా వినీలా.”

“కష్టమేనండీ,” అన్నాను. గంట కొట్టారు, సుద్దముక్క తీసుకుని క్లాసుకి వెళ్ళాను.