షార్జాలో నాట్ల పాట

దేవుడి పేరు ఎక్కడా లేని పాట దేవుడి దాకా వెళ్తుందా అని నాకు ఎన్నో ఏళ్లుగా సందేహం. శనివారం శనివారం ఇంట్లో భజన చేసుకునేవాణ్ణి. నామం లేని పాటకు గొంతు కలపడానికి మనసొప్పేది కాదు.

ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ వెల్డరు పోశయ్యకు ఈ సంగతి తెలుసు. కరోనా భయానికి మా భజనకు ఎవరూ రాని ఒక శనివారం అతనొక్కడే మాస్కు పెట్టుకుని వచ్చాడు. గుమ్మం పక్కన కూర్చుని నేను పాడిన ప్రతి చరణం అందుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "మా దిక్కు నాట్లకు ఒకరి మడికి ఒకరం బదులు పోతం సారూ. నేనొచ్చిన. ఇగ మీరు నా పాటకు రావాలె," అన్నాడు. నవ్వేశాను. ఆ తర్వాత పనివాళ్లుండే క్యాంపులో అతను పాడినప్పుడల్లా ఏదో పని చెప్పి తప్పించుకున్నాను. అలా నాలుగేళ్లు గడిచాయి.

మొన్న మార్చిలో, దుబాయ్ కరామాలో స్టూడియో నడిపే విక్రమ్ రైతుపాటల ఆల్బం మొదలుపెట్టాడు. వినేవాళ్ల మధ్యే పాడించి రికార్డు చెయ్యాలని అతని పట్టు. ఆదివారం మధ్యాహ్నం ఒక గ్యారేజీ మీది హాల్లో అరవై మందిమి చేరాం. ఆరు పాటలయ్యాయి. ఆఖరిది పోశయ్యది. అతని భార్య భూమవ్వ నాట్లలో ముందుండి చెప్పిన పాట అది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమెకు మాటే లేదు. మంగళవారం పోశయ్య వీసా ఖలాస్ చేసుకుని శాశ్వతంగా ఊరికి వెళ్లిపోతున్నాడు. ఇవాళ రికార్డు కాకపోతే ఆ పాట ఇక ఆల్బంలో ఉండదు.

ముందు పాటల్లో దగ్గులూ ఈలలూ పడ్డాయని విక్రమ్‌కి దిగులు. "అన్నలూ, ఈ ఒక్క పాటకి ఎవరూ నోరు మెదపొద్దు," అని ఏసీ కూడా ఆపించాడు.

ఆ చప్పుడు ఆగగానే ఉక్క మెల్లగా నీళ్లలా పైకి వచ్చింది. దుమ్ము పట్టిన అద్దాల్లోంచి వెలుగు సిమెంటు నేల మీద పరుచుకుని, హాలంతా దమ్ము చేసిన మడిలా తళతళలాడింది. పోశయ్య చెప్పులు విడిచి, వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాడు.

"నారు పట్టిన చెయ్యి నల్లబడెనమ్మా..."

ఆగాడు. మళ్లీ అదే చరణం పాడి మళ్లీ ఆగాడు.

"మర్చిపోయిండు," నా వెనక వరసలో మా కంపెనీ మల్లేశ్ గొణిగాడు. "విమానం తారీఖు యాదికుంటది గని పాట ఉంటదా."

"ఇంకొక్కసారి చూద్దాం బాబాయ్," అన్నాడు విక్రమ్. "రాకపోతే వదిలేద్దాం."

పోశయ్య మర్చిపోలేదు. ఒకరు చెప్తే వరసంతా అందుకోవాలి. అందుకుంటేనే తర్వాతి చరణం వస్తుంది, నాటు వేసే కాలు వెనక్కి జరుగుతుంది. నోరు మెదపొద్దంటే మేమందరం బుద్ధిగా కూర్చున్నాం. ఆ పాటలో నామం లేదు, నా సందేహమూ తీరలేదు. కానీ ఆ శనివారం అతను రాకపోయి ఉంటే అందుకునేవాళ్లు లేక నా గొంతు ఎలా ఉండేదో తెలిసింది.

అతను మూడోసారి పాడాడు.

"నల్లబడెనమ్మా," అన్నాను.

విక్రమ్ నన్ను ఆపబోయి, ఎత్తిన చెయ్యి అలాగే దించేశాడు. పోశయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీరు చూసిన కన్ను తెల్లబడెనమ్మా..."

ఈసారి మల్లేశ్ కూడా అందుకున్నాడు, తర్వాత అతని వరస, ఆ తర్వాత హాలంతా. ఏనాడూ మడిలో దిగని నా చీలమండలకు చల్లటి బురద తగిలినట్టయింది. పాట ఎంతసేపు సాగిందో నాకు తెలియలేదు.

విక్రమ్ హెడ్‌ఫోన్లు తీసి, "వచ్చింది," అన్నాడు నెమ్మదిగా.

పోశయ్య చెప్పులు వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆలస్యం చేశాను పోశన్నా," అన్నాను.

"చేసిన్రు," అన్నాడు. "గని బదులు తీరింది సారూ."