సంపూర్ణమ్మ గారి జవాబు

ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సంపూర్ణమ్మ గారి మాటలు వింటూ దొండకాయలు తరుగుతోంది స్టెల్లా. నాలుగు వాక్యాలు వినడం, లేచి చెయ్యి తుడుచుకుని లాప్‌టాప్‌లో కొట్టడం, మళ్ళీ వచ్చి కత్తిపీట ముందు కూర్చోవడం. భవానీపురంలోని ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఆమె సాయంత్రాలు ఇలాగే గడుస్తున్నాయి.

భర్త జాన్ పాల్ డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్, పేరున్న విమర్శకుడు. రచయితలతో, తోటి విమర్శకులతో సాహిత్యం మీదా రాజకీయాల మీదా అతను జరిపే సంభాషణలు ఒక మాసపత్రికలో వస్తుంటాయి. అతను మాట్లాడి వస్తాడు. ఆ రెండు మూడు గంటల మాటలు విని రాసేది, తెగిన వాక్యాలు అతికేది, అతని ప్రశ్న మరీ పొడుగై దారి తప్పితే రెండు ముక్కల్లోకి దించేది స్టెల్లా. పగలంతా ఆటోనగర్‌లో విడిభాగాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చాక చేసే పని అది. "మావాడు చదివి చదివి కళ్ళు పోగొట్టుకుంటున్నాడు, నువ్వు కాస్త టైపు కొట్టిపెడితే అరిగిపోతావా" అంటుంది అత్తగారు తెరేసమ్మ. సభల్లో ఎవరైనా పలకరిస్తే, "మా ఆవిడ టైపింగు బాగా చేస్తుందండీ" అని జాన్ పాల్ నవ్వుతాడు. ఇప్పుడు ఆ సంభాషణలన్నీ పుస్తకంగా రాబోతున్నాయి. ఆఖరిది సంపూర్ణమ్మ గారిది.

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. హనుమాన్ జంక్షన్‌లో ఉంటారు. నలభై ఏళ్ళ క్రితం రాసిన పన్నెండు కథలతోనే ఆవిడ పేరు నిలిచిపోయింది. ప్రతి కథలోనూ స్త్రీ చివరికి నోరు మూసుకుని ఊరుకుంటుంది. ఆ మౌనమే గొప్ప శిల్పమని జాన్ పాల్ వాదన. పుస్తకానికి అతను చెబుతుంటే స్టెల్లా రాసిపెట్టిన ముందుమాటంతా దాని మీదే నడుస్తుంది.

పోయిన ఆదివారం ఫోన్‌లో రికార్డు చెయ్యడానికి స్టెల్లా కూడా వెళ్ళింది. మధ్యలో కాల్ వస్తే జాన్ పాల్ వీధిలోకి వెళ్ళాడు.

"మీరేమీ అడగరా అమ్మా?" అన్నారు సంపూర్ణమ్మ.

స్టెల్లా తడబడింది. ఆ తర్వాత, ఎన్నాళ్ళుగానో లోపల తిరుగుతున్నదే అడిగేసింది. "మీ కథల్లో ఆడవాళ్ళంతా ఆఖర్న ఎందుకు ఊరుకుంటారండీ? మొదట్నుంచీ వాళ్ళు అలాంటివాళ్ళు కాదు కదా."

"నేను రాసినవాళ్ళు ఊరుకోలేదమ్మా" అన్నారు ఆవిడ. పత్రికలకి పంపేముందు కథలు సాపు రాసేది ఆవిడ భర్తేనట. నలుగురిలో పరువు పోతుందని ప్రతి కథకీ ఆఖరి పేజీ వదిలేసి రాసేవారట. అవి అలాగే అచ్చయ్యాయి, అలాగే మెప్పు పొందాయి. ఆయన పోయి పదేళ్ళయినా, ఎవరూ అడగలేదు గనక ఆవిడ చెప్పలేదు. వదిలేసిన ఆ పేజీల్లో ఏ స్త్రీ ఏమన్నదో, ఏ ఇంటి గడప దాటిందో ఒక్కొక్కటే చెబుతుంటే స్టెల్లా రికార్డవుతున్న ఫోన్‌ని ఆవిడకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

ఇప్పుడు అదంతా టైపు చేసేసరికి నాలుగు పేజీలైంది. జాన్ పాల్ నిలబడే చదివాడు. అతని ముఖం మాడిపోయింది.

"పెద్దావిడకి మతిమరుపు. ఇది తీసెయ్."

"ఆవిడకి అన్నీ గుర్తున్నాయండీ."

"ఇన్నేళ్ళ నా పని ఒక్క ముక్కతో కొట్టుకుపోతుంది. అసలు నిన్నెవరు అడగమన్నారు?"

అతను అరవలేదు. వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి మెడకి తగులుతోంది. వంటింట్లోంచి తొంగిచూసిన తెరేసమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. స్టెల్లా నాలుగు పేజీలూ చెరిపేసేదాకా అతను కదల్లేదు. ఆ తర్వాత స్నానానికి వెళుతూ, కూరలో ఉప్పు సరిగ్గా వెయ్యమన్నాడు.

సంపూర్ణమ్మ గారికి చూపు ఆనదు. అచ్చుకి వెళ్ళేముందు ఒకసారి చదివి వినిపించమని అడిగారు. జాన్ పాల్ తనకి తీరిక లేదని, ఫోన్లో చదివేసి ప్రెస్సుకి పంపెయ్యమని స్టెల్లాకి చెప్పాడు. ఆదివారం చర్చిలో పూజ కాగానే ఆమె హనుమాన్ జంక్షన్ బస్సెక్కింది.

కళ్ళు మూసుకుని ఆవిడ మొత్తం విన్నారు.

"నువ్వడిగిన ప్రశ్న రాలేదే. తీసేసిందెవరమ్మా?"

భర్త పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే తనకి తేలికైపోతుంది. పుస్తకంలో మాత్రం ఏమీ మారదు. స్టెల్లా తన వేళ్ళ వంక చూసుకుంది.

"నేనేనండీ."

ఆవిడ కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "ఆయన సాపు రాశాక, నా రాతప్రతిలో ఆ పేజీలు చింపి పొయ్యిలో పెట్టింది కూడా నేనేనమ్మా. పన్నెండుసార్లూ నేనే. ఇంతవరకూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు" అన్నారు. ఆ వెంటనే, "ఇదీ రాసుకో" అన్నారు.

స్టెల్లా అక్కడే, ఆవిడ మంచం పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. రికార్డింగు విని నాలుగు పేజీలూ మళ్ళీ కొట్టింది. కొత్త మాటలు చేర్చింది. ప్రశ్నకి ముందు జాన్ పాల్ అని ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, స్టెల్లా అని కొట్టింది. మొదటినుంచి మళ్ళీ చదివి వినిపించింది. ఆవిడ సరేనన్నాక ప్రెస్సుకి పంపింది. ఆ తర్వాతే భర్తకి ఫోన్ చేసి, ఏం పంపిందో దాచకుండా చెప్పింది.



"మరి నా ముందుమాట?" అన్నాడతను.

"మార్చాల్సొస్తుందండీ" అంది స్టెల్లా. "ఈసారి మీరే రాసుకోండి."