గొఱ్ఱెలో బండి ఱ

నేను ఒక బండి ఱ ని. సీసంతో పోత పోసిన అచ్చక్షరాన్ని. ఓస్ ఇంతేనా అని పెదవి విరవకండి. మీ అక్షరమాల చివర్లో, క్ష పక్కన, పిలవని పేరంటానికి వచ్చినదానిలా నిలబడి ఉండేదాన్ని నేనే. మీ పంతులుగారు నా దాకా వచ్చేసరికి బడి గంట కొట్టేవారు. అక్షరాన్నయినా నాకూ రోషం ఉంటుంది మరి.

నన్ను మద్రాసులో పోశారు. పుట్టుకతోనే నాకు కుడి ఎడమలు తారుమారు. అద్దంలో చూస్తే తప్ప సరిగ్గా కనబడను. అక్కణ్ణించి బందరులో ఒక చిన్న క్రైస్తవ అచ్చుకూటానికి వచ్చిపడ్డాను. నా దశ తిరిగింది అక్కడే! బయట పత్రికలవాళ్ళూ పాఠ్యపుస్తకాలవాళ్ళూ నన్ను ఎప్పుడో వదిలించుకుని ఆ మామూలు ర తోనే కాపురం చేస్తున్నారు. వేదగ్రంథంలో మాత్రం రాజ్యమంతా మా కుటుంబానిదే. మఱియు లేకుండా పేజీ తిరగదు. నూఱు, కొఱకు, గొఱ్ఱె, గొఱ్ఱెపిల్ల, ఎఱ్ఱ సముద్రం, ఎటు చూసినా నేనూ నా గుణింతం పిల్లలూ! గొఱ్ఱెలు లేని సువార్త ఎక్కడైనా ఉంటుందా చెప్పండి. నేను ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. పైగా మనుషులకు లేని సుఖం ఒకటి అక్షరాలకుంది. ఒంటికి సీసం ముక్కనే అయినా, ఎన్ని కాగితాల మీద పడితే అన్ని ఇళ్ళలోనూ నేనే ఉంటాను.

నన్ను కూర్చే కంపోజిటరు పేరు జెకర్యా. కీర్తనలు పాడుకుంటూ పనిచేసేవాడు. హుషారెక్కువైతే పాటలోని మాటలనే కూర్చేసి నాలిక కరుచుకునేవాడు. ఒకరోజు తప్పిపోయిన గొఱ్ఱె కథ కూరుస్తున్నాడు. కాపరి దాని కొఱకు వెతుకుతున్నాడనే చోట నన్ను చేజార్చాడు. నేను దొర్లుకుంటూ యంత్రం కిందికి పోయాను. గళ్ళ పెట్టెలో మరో ఱ లేదు. ఆ ఒక్క కథే మావాళ్ళందరినీ మింగేసింది. పాపం జెకర్యా నేలమీద బోర్లా పడుకుని చీపురు పుల్లతో గెలికి గెలికి నన్ను బయటికి లాగాడు. "దొరికిందండోయ్!" అని వీధిలోకి వినబడేలా కేకపెట్టి అందరికీ టీ తెప్పించాడు. కథలో కాపరి కూడా గొఱ్ఱె దొరకగానే ఇరుగుపొరుగును పిలిచి సంబరపడతాడు, ఆ పనే తనూ చేశానని అతనికి తట్టనే లేదు. నాకు తట్టింది గాని చెప్పడానికి నోరేదీ?

ఇంత వైభవంగా బతుకుతున్న నాకు గండం రాహేలు రూపంలో వచ్చింది.

రాహేలు అత్తగారు సువార్తమ్మ. పేటలో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే మనిషి. నన్ను చూస్తే ఆవిడ గొంతు గంట మోగినట్టు పలికేది. అలాంటిది ఆవిడ కళ్ళకు మసక కమ్మింది. ఆపరేషను చేసినా లాభం లేదని డాక్టరు తేల్చేశాడు. ఇక మిగిలిన ఆశల్లా కోడలి మీదే. రాహేలు వయోజన బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఆ బడివాళ్ళు నా పేరైనా ఎత్తలేదు! సాయంత్రం అరుగు మీద పుస్తకం తెరిచి నా మీదికి వచ్చేసరికి టక్కున ఆగిపోయేది.

"ఎ... సముద్రము," అంది ఒకరోజు.

"ఏ సముద్రమే?"

"అదే నాకూ తెలవట్లేదత్తా. ఇక్కడేదో వంకర టింకరగా అడ్డం పడింది."

అడ్డం పడింది నేనే. మొదట పగలబడి నవ్వాను. పేజీకి పదిసార్లు రాహేలు అలా ఆగుతుంటే, తర్వాతి మాట కోసం సువార్తమ్మ గుడ్డికళ్ళు ఆవైపే తిప్పి ఎదురుచూస్తుంటే, నా నవ్వు పోయింది. చివరికి రాహేలు పుస్తకం మూసేసి, "నావల్ల కాదు అత్తా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముసలావిడ చాలాసేపు ఆ మూసిన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

సరిగ్గా అప్పుడే సువార్త మళ్ళీ అచ్చు వెయ్యాలని సంఘం తలపెట్టింది. పాత రాతా, కొత్త రాతా అన్నది తేల్చడానికి అచ్చుకూటంలోనే కూర్చున్నారు. పాస్టరు గిద్యోను అయ్యగారు నా పక్షం. కోడలి చెయ్యి పట్టుకుని సువార్తమ్మ కూడా వచ్చింది.

"నా కళ్ళు పోయినయ్యండీ. నా కోడలు చదివితే వినాలి. ఆ బండి ఱ ఒక్కటి తీసేయించండి," అంది.

"వాక్యంలో అక్షరం ముట్టుకుంటామా అమ్మా! పొల్లయినా సున్నయినా పోదని ప్రభువే చెప్పాడు గదా," అన్నారు అయ్యగారు. శభాష్ అనుకున్నాను.

"పొల్లు అన్నాడు, సున్న అన్నాడు. బండి ఱ పేరెత్తలేదుగా అయ్యగారూ?"

జెకర్యా కిసుక్కున నవ్వాడు. అయ్యగారి ముఖం కందగడ్డ అయింది.

"ప్రభువు తెలుగులో చెప్పాడా ఏంటమ్మా! ఆయన చెప్పింది వాళ్ళ అక్షరాల్లో చిన్నవాటి సంగతి. ఆ పేర్లు మనకేం తెలుస్తాయి? మనకు అర్థం కావాలని తర్జుమా చేసినవాళ్ళే వాటిని తీసి మన పొల్లూ మన సున్నా..."

అక్కడ ఆగిపోయారు. "మనకు అర్థం కావాలని," అని తనలో తనే మళ్ళీ అనుకున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత మొదలైంది చూడండి నవ్వు! పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "అక్షరం మారదని చెప్పడానికే అక్షరాలు మార్చారోయ్ జెకర్యా! తీసెయ్యి, ర పెట్టు," అన్నారు.

అలా నాకు చావు మూడింది. మమ్మల్ని డబ్బాకెత్తి, సీసం కరిగించి అచ్చులు పోసే ఫౌండ్రీకి పంపారు. చనిపోయి లేవడం గురించి ఎన్ని పేజీలు అచ్చేశానో లెక్కలేదు. తీరా నా వంతు వచ్చేసరికి గజగజ వణికాను. మూకుడులో పడి, నా ముక్కూ మూతీ కరిగి, నేనెవరో నాకే తెలియకుండా పోయింది. మళ్ళీ చల్లబడ్డాక చూసుకుంటే, నెత్తిన తలకట్టుతో గుండ్రంగా, ముద్దుగా, నేను ర ని! ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్న ఆ మామూలు ర ని! అచ్చుకూటానికి తిరిగొచ్చాక జెకర్యా నన్ను తీసి, పాట పాడుకుంటూ, 'మన కొరకు' అనే మాట మధ్యలో కూర్చాడు.

కొత్త పుస్తకం అరుగు మీదికి వచ్చింది. రాహేలు వేలు పెట్టి చదవసాగింది. వేలు నా వైపే వస్తోంది. 'మన కొరకు' అని గడగడా చదివేసి, నన్ను కన్నెత్తి కూడా చూడకుండా, పక్క మాటలోకి వెళ్ళిపోయింది. ఓరి దేవుడా, ఎంత సంతోషం! ఒక మనిషి నన్ను పట్టించుకోకుండా దాటిపోవడంలో ఇంత సంతోషం ఉంటుందని ఎవరు చెప్పారు నాకు?

సువార్తమ్మ గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంది.

"ఆపకే," అంది.

రాహేలు ఆపలేదు.