మంగళవారం కత్తెర

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఖాళీగా పడి ఉన్న ఒక పాత క్వార్టర్‌ని కరుణాకర్ అనే రీసెర్చ్ స్కాలర్ అడిగి తీసుకున్నాడు. పదో తరగతి తప్పి, ఇక బడి ముఖం చూడం అని తేల్చేసిన పిల్లలకి అక్కడ తలొక పని నేర్పిస్తాడు: వంట, సౌండ్ రికార్డింగ్, జుట్టు కత్తిరించడం. ఆ పనిలోంచే చదువు. తార్నాక నుంచి నడిచి వెళ్ళి లెక్కలు చెప్పేది నేను.

సీతాఫల్‌మండి నుంచి వచ్చి జుట్టు కత్తిరించడం నేర్చుకునే నవనీత లెక్కల్లోనే రెండుసార్లు తప్పింది. బోర్డు మీద కోణం గీస్తే కిటికీలోంచి బయటికి చూసేది. ఒకరోజు దువ్వెనతో నా జుట్టే పైకెత్తి, ఇది ఎంత కోణమని అడిగాను. దగ్గరికొచ్చి చూసి, నలభై ఐదు, ఇట్ల కోస్తే మెట్లు పడతయి సార్ అంది. ఆ తర్వాత కోణమానిని ఆ పిల్ల చేతిలోనే ఉండేది.

ఇప్పుడు కత్తెర పరీక్ష వచ్చింది. ఇది కూడా పోతే తనతోపాటు అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమడానికి రావాలని ఆమె నానమ్మ రాములవ్వ ఖాయంగా చెప్పేసిందట.

పరీక్ష పెట్టేది తార్నాకలో సెలూన్ నడిపే పరుశురాం. ఆయనకి తీరిక దొరికేది షాపు మూసే మంగళవారమే కాబట్టి అదే రోజు పెట్టుకున్నాం. మంగళవారం షాపు ఎందుకు మూస్తారో, నాతో సహా మాలో ఒక్కరికీ అప్పుడు తట్టలేదు.

ఎవరి తలని వాళ్ళే తెచ్చుకోవాలి. నవనీత కోసం పక్కింటి వెంకటనర్సయ్య జుట్టు పెంచాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, గోడ మీద క్యాలెండర్ చూశాడు, లేచాడు.

"మంగళారం కత్తెర తాకనియ్య బిడ్డా. రేపైతే గుండు కొట్టినా ఏమన," అని వెళ్ళిపోయాడు.

మగపిల్లలు ప్రాక్టీసు కోసం ఒకరి జుట్టు ఒకరు ఎప్పుడో కత్తిరించేసుకున్నారు. ఒక్క తలా పనికిరాదు. పరుశురాం వాచీ చూసుకున్నాడు. నవనీత దువ్వెన తుడిచి డబ్బాలో పెట్టసాగింది.

నా జుట్టు చెవుల మీదికి వచ్చి ఉంది. నా భార్య సుధామయి ఉన్నంతకాలం నా జుట్టు తనే కత్తిరించేది, ఆదివారం పొద్దున బాల్కనీలో పేపరు పరిచి. మంగళవారం మాటెత్తితే, మీకేమన్నా అయితే నేనేం చెయ్యనండీ అనేది. తను పోయాక కూడా నేను ఆ నియమం తప్పలేదు. ఆవిడ మాట వినడానికి నాకు మిగిలిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

నవనీత డబ్బాకి మూత పెట్టింది. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

"మీరు గూడ పాటిస్తరు గద సార్. మొన్న మీరే చెప్పిన్రు."

"పాటిస్తానమ్మా. కానివ్వు."

డబ్బా మళ్ళీ తెరిచి, నా మెడ చుట్టూ గుడ్డ కట్టింది. "ఆ పాపం నా పేరు మీద రాస్కోన్రి సార్."

సెలూన్‌లో అయితే మెషిన్ పెట్టి క్షణాల్లో కానిచ్చేస్తారు. ఈ పిల్ల ఒక్కొక్క పాయా ఎత్తి, కోణం చూసుకుని కత్తిరించింది. ఇంత నెమ్మదైన చెయ్యి నా తలని తాకి చాలాకాలమైంది. అయ్యాక నాకు తెలియకుండానే మెడ వంచాను. చివర్లో వెంట్రుకలు పోవాలని సుధామయి మెడ మీద ఊదేది. నవనీత బ్రష్‌తో దులిపింది. బ్రష్ మెత్తగానే ఉంది.

పరుశురాం చుట్టూ తిరిగి చూసి, ఎడమ చెవి పక్కన ఇంకొంచెం తగ్గించమన్నాడు. తగ్గించాక వేళ్ళతో ఒకసారి తడిమి చూశాడు.

"పాసే. రేపట్నుంచి నా షాపుకి రా. బుధవారం జనం మస్తు ఉంటరు."

నవనీత చేతుల నిండా నా వెంట్రుకలే. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, అవ్వకి ఫోన్ కలపమని కరుణాకర్‌ని అడిగింది.

జుట్టు కత్తిరించాక స్నానం చేసేదాకా నేను ఇంట్లో దేన్నీ తాకకూడదు. అందుకని బాల్కనీ నుంచి బాత్రూం దాకా తలుపులన్నీ సుధామయే తీసేది. వేడినీళ్ళు తోడి ఉంచేది. ఆ మధ్యాహ్నం తాళంచెవి చేత్తో పట్టుకుని గడప బయట నిలబడిపోయాను. లోపల్నుంచి ఎవరూ తీయరని తెలుసు. అయినా కాసేపు ఆగాను.

తర్వాత నేనే తలుపు తీసుకుని వెళ్ళి కుళాయి తిప్పాను. ఎండకి పైన ట్యాంకులో నీళ్ళు వాటంతటవే కాగి ఉన్నాయి.