కౌసల్యమ్మ ఓడ పటం

మా అత్తమ్మ కౌసల్యమ్మకు అరవై రెండేళ్ల వయసులో ఓడ ఎక్కాలని బుద్ధి పుట్టింది. సిద్దిపేటలో పుట్టి సిద్దిపేటలోనే మెట్టిన మనిషి. హైదరాబాదు బస్సు ఎక్కితే చాలు, కడుపులో తిప్పుతోందని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అలాంటిది పంతొమ్మిది వందల నలభై తొమ్మిది చలికాలంలో వకీలు జగదీశ్వర్ గారు పదకొండు మందిని కూడగట్టి, బొంబాయి దాకా రైల్లో, అక్కడి నుంచి ద్వారకకు ఓడలో తీసుకుపోతున్నారని తెలియగానే, ముందు తన పేరు రాయించి వచ్చి, ఆ తరువాత ఇంట్లో చెప్పింది.

మావారు కాశీనాథం గారిది ఇత్తడి సామాన్ల దుకాణం. ఆయనకు నీళ్లంటే బిందెలో ఉన్నంతవరకే ఇష్టం. ఓడ మునిగితే ఎవరు జవాబు చెబుతారని మూడు రోజులు అన్నం దగ్గర అదే పాట పాడారు. ద్వారకకు రైలు కూడా పోతుంది, ఏ దారిన పోయినా దేవుడు ఒకడే కదా అని వాదించారు. అత్తమ్మ మజ్జిగ పోసుకుంటూ నెమ్మదిగా జవాబు చెప్పింది.

"దేవుడు మనింట్ల గూడ ఉన్నడు బిడ్డా. సముద్రమే లేదు. అవతలి ఒడ్డు కనవడని నీళ్లు ఒక్కసారి చూడాలె. నాకు గంతే కావాలె."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పంతొమ్మిదేళ్లు. అత్తమ్మ అడగడం నాకు కొత్త కాదు. పొద్దున లేస్తే ప్రమీలా అది తే, ప్రమీలా ఇది పెట్టు అని అడుగుతూనే ఉంటుంది. కానీ తన కోసం ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి. మావారు మాత్రం మజ్జిగ తాగి దుకాణానికి వెళ్లిపోయారు.

అసలు చిక్కు ఓడ కంపెనీ వాళ్లతో వచ్చింది. వాళ్లు ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక చిన్న పుస్తకం పంపారు. ప్రయాణికులు ఏం చేయాలో, ఏం చేయకూడదో అందులో ఉంది. బృందం పెద్ద ఆ నియమాలను ప్రతి మనిషికీ విడమరిచి చెప్పి, అర్థమైందని తేల్చుకుని, తానే పూచీ పడి సంతకం పెట్టాలి. ఒక్కరు తప్పు చేసినా మొత్తం బృందాన్ని తరువాతి రేవులో దించేస్తారు. జగదీశ్వర్ గారు పెళ్లి పిలుపు వచ్చినా కోర్టు సమను చదివినట్టు రెండుసార్లు చదివే మనిషి. ఆయన పద్నాలుగు నియమాలనూ తెలుగులో చెప్పి, పదిహేను రోజుల తరువాత తన ఇంటి అరుగు మీద ఒక్కొక్కరూ నోటితో అప్పజెప్పాలని, చెప్పలేనివాళ్లు సిద్దిపేటలోనే ఉండిపోవాలని తీర్పు ఇచ్చారు.

మావారి ముఖం అప్పుడు వెలిగింది. వాళ్లమ్మ సంగతి ఆయనకు తెలుసు. నేను ఆ నియమాలన్నీ కాగితం మీద రాసుకుని పొద్దునా సాయంత్రం అత్తమ్మకు చదివి వినిపించాను. విన్నంతసేపు తల ఊపేది. మర్నాడు అడిగితే టికెట్ భద్రంగా ఉంచుకోవాలనే మొదటి నియమం చెప్పి, రెండోది చెప్పబోయి, చింతపండు నానబెట్టావా అని నన్నే అడిగేది. ఆమెకు జ్ఞాపకశక్తి లేక కాదు. చిన్నప్పుడు బట్ట మీది బొమ్మలు చూపిస్తూ కథ చెప్పే పటం కథలవాళ్లు విప్పిన పటాల్లో ఏ రాజు ఏ రంగు తలపాగా కట్టాడో ఇప్పటికీ చెప్పగలదు. చెవిన పడింది నిలవదు, కంట పడింది పోదు. అంతే తేడా.

ఆ సంగతి ఆమెకే తట్టింది. చేర్యాల బస్సు డ్రైవరుతో కబురు పెట్టించి, పటాలు గీసే భిక్షపతిని పిలిపించింది. ఓడ నియమాలన్నీ వరసగా పటం మీద గీయాలి, బదులుగా ఒక పెద్ద ఇత్తడి గంగాళం అని మాట్లాడుకున్నారు. భిక్షపతి వాళ్లు తాతల నాటి నుంచి కులాల కథలూ పురాణాలూ గీస్తున్నవాళ్లు. ఓడను అతను ఎన్నడూ చూడలేదు. కంపెనీ పుస్తకం అట్ట మీద బొటనవేలంత బొమ్మ ఉంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సరేనన్నాడు. నేను ఒక్కో నియమం చదివాను. అతను ఒక్కోదానికీ ఊఁ కొట్టి వెళ్లాడు.

పది రోజులకు పది మూరల బట్ట చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. విప్పితే ఇల్లంతా ఎరుపు. మొదట వినాయకుడు, ఆ తరువాత ఓడ. ఓడకు మా పెంకుటింటి చూరులాంటి చూరు ఉంది. సముద్రంలో చేపలతో పాటు రెండు మొసళ్లు కూడా ఉన్నాయి. ఎవరు గొప్పవాళ్లయితే వాళ్లను పెద్దగా గీయడం వాళ్ల పద్ధతి కాబట్టి, కెప్టెన్ ఓడలో సగం ఉన్నాడు. మీసాలున్నాయి, కిరీటం కూడా పెట్టాడు. కెప్టెన్ మాట దాటకూడదన్న నియమం అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరని నాకనిపించింది. నియమాలన్నీ తెలిసిన నా కంటికి మిగిలిన బొమ్మలు కూడా సరిగ్గానే కనబడ్డాయి. అత్తమ్మ నా సాయం వద్దని, తలుపు వేసుకుని ఒక్కతే పటం ముందు కూర్చుని చదువుకుంది.

అప్పజెప్పే రోజు వకీలు గారి అరుగు నిండింది. మావారు కూడా దుకాణం కాసేపు మూసి వచ్చారు. అత్తమ్మ పటం పరిచి, కర్రతో చూపిస్తూ మొదలుపెట్టింది. టికెట్ కొంగున ముడేసుకోవాలంది. కలరా టీకా కాగితం అడిగిన చోటల్లా చూపాలంది. మనిషికి ఒక పెట్టె, ఒక పరుపు చుట్ట అంది. జగదీశ్వర్ గారు మెచ్చుకోలుగా తల ఊపారు. ఆ తరువాత కర్ర నాలుగో బొమ్మ మీదకు పోయింది.

"ఓడ మీద పొయ్యి ముట్టియ్యాలె. ఓడ అంచున కమ్మీ మీదికెక్కి కూసొని సముద్రం చూడాలె. తాగే నీళ్లతోని తానం చెయ్యాలె."

అరుగు మీద అందరూ నవ్వారు. జగదీశ్వర్ గారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, అలా చేస్తే అందరినీ మొదటి రేవులోనే దించేస్తారు పెద్దమ్మా అని మర్యాదగానే చెప్పారు. అత్తమ్మ పటం వంక చూసింది. పొయ్యి ముట్టిస్తున్న ఆడమనిషి అందులో ఎంతో చక్కగా ఉంది. కమ్మీ మీద కూర్చున్నవాడు హాయిగా ఉన్నాడు. అత్తమ్మ ముఖం చిన్నబోవడం చూసి నాకు భిక్షపతి మీద, వకీలు గారి మీద, నవ్విన పదిమంది మీద ఒకేసారి ఒళ్లు మండింది. నా మీద కూడా మండింది. పది మూరల బట్టనూ చూసి, ఒక్క వద్దు కూడా అందులో లేదని గమనించలేకపోయాను. కాళ్లావేళ్లా పడి వారం రోజులు గడువు అడిగాను. ఇచ్చారు.

భిక్షపతిని మళ్లీ రప్పించి, ఏమయ్యా ఇలా చేశావని గట్టిగానే అడిగాను. అతను నొచ్చుకున్నాడు.

"మేం జరిగింది గీస్తమమ్మా. జరగనిది ఎట్ల గీయాలె? పొయ్యి ముట్టియ్యొద్దని చెప్పాల్నంటె ముందుగాల పొయ్యి గీయాలె గద."

వద్దన్న బొమ్మల మీద అడ్డంగా గీత కొట్టేయమన్నాను. ఆ మాటకు రెండు చెవులూ మూసుకున్నాడు. బొమ్మకు కళ్లు చివరన దిద్దుతారట, దిద్దాక దానికి ప్రాణం వచ్చినట్టేనట. ప్రాణమున్న మనిషి మీద గీత కొడతామా అన్నాడు. అత్తమ్మ పటం వంకే చూస్తూ, దొంగతనం తప్పని చిన్నప్పుడు మీ పటాలు చూసే నేర్చుకున్నాను కదా, అది నాకెలా తెలిసిందని అతన్ని అడిగింది.

"కింద యముడుంటడు గదమ్మా," అన్నాడు భిక్షపతి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. ఆ పూటే మా అరుగు మీద రంగులు నూరడం మొదలైంది. నాలుగు రోజుల్లో ప్రతి వద్దు కిందా జానెడు నరకం వెలిసింది. ఓడ మీద పొయ్యి ముట్టించిన ఆడమనిషిని యమభటులు నూనె మూకుడులో కూర్చోబెట్టారు. కమ్మీ మీద కూర్చున్నవాడు కొరడా దెబ్బలు తింటున్నాడు. తాగే నీళ్లతో స్నానం చేసినవాడు ఎండిన బావిలో నాలుక బయటపెట్టుకుని ఉన్నాడు. చేయాల్సిన పనుల కింద మాత్రం దేవకన్యలు పూలు చల్లుతున్నారు. ప్రమాదం గంట మోగగానే నీళ్లలో తేలే పట్టీ కట్టుకుని తన చోట నిలబడ్డవాళ్లకూ, ఓడ ఊగేటప్పుడు నిమ్మకాయ చేతపట్టుకుని బుద్ధిగా పడుకున్నవాళ్లకూ రెండేసి దోసిళ్ల పూలు పడ్డాయి.

ఆ మాట ఊళ్లో పాకింది. వకీలు గారి భార్య జ్ఞానేశ్వరి గారు ముందు వచ్చారు, తరువాత మిగిలిన యాత్రికులంతా వచ్చారు. వకీలు గారు తెలుగులో చెప్పినా నియమాలు బుర్రకెక్కనివాళ్లకు కూడా నూనె మూకుడు చూడగానే ఎక్కాయి. అత్తమ్మ కర్ర పట్టుకుని అందరికీ పాఠం చెప్పింది. తప్పు చెప్పినవాళ్లను నరకంలో వాళ్ల చోటు ఎక్కడో చూపించి మరీ కూర్చోబెట్టింది.

గడువు రోజున ఆమె పద్నాలుగు నియమాలూ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. జగదీశ్వర్ గారు చప్పట్లు కొట్టారు. అప్పుడు మావారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆ పుస్తకం ఎప్పుడు అడిగి తెచ్చుకున్నారో, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నదాని మీద వేలు పెట్టి చూపించారు. అరవై దాటినవాళ్లకు ఇంటి మనిషి ఒకరు తోడు రావాలి, వాళ్ల మంచిచెడ్డలకు ఆ మనిషే పూచీ పడాలి. దుకాణం వదిలి తాను రాలేనని, ఇక దీనికి ఎవరూ ఏమీ చేయలేరని అన్నారు.

రెండుసార్లు చదివిన తన కంటికి కూడా అది పడలేదని వకీలు గారు నొచ్చుకున్నారు. అత్తమ్మ పటం చుట్టడానికి వంగి, ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. పంతొమ్మిదేళ్లుగా అన్నీ అడిగిన మనిషి అప్పుడు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఇల్లు ఎవరు చూస్తారని నేనూ ఏదో ఒకటి చెప్పేదాన్నేమో. అడగకపోయేసరికి నాకు కూడా ఆ అవతలి ఒడ్డు లేని నీళ్లు చూడాలని ఎంత ఉందో అప్పుడు తెలిసింది.

"వకీలు సాబూ, ఇంటి మనిషంటె కొడుకే కావాల్నా? కోడలు పనికిరాదా?" అని అడిగాను.

కోడలైనా సరేనని, అయితే ఆమె కూడా నియమాలు అప్పజెప్పాలని ఆయన అన్నారు. నేను పటం విప్పనివ్వలేదు. లేచి నిలబడి, కొంగు సర్దుకుని, మొదటి నియమం నుంచి చివరిదాకా చెప్పాను. మావారు చెప్పిన చిన్న అక్షరాల నియమం కూడా కలిపి పదిహేను చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. జ్ఞానేశ్వరి గారు నవ్వుతూ పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.

ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితాన్ని జగదీశ్వర్ గారు మావారి ముందుకు జరిపారు. ఆయన దాని మీదికి తల వంచారు. కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను. తల ఎత్తేసరికి ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"మీరిద్దరు గా నీళ్ల మీద ఉంటె నాకు ముద్ద ఎట్ల దిగుతది? ఏమన్నయితె నాకెవలున్నరు?" అన్నారు.

ఆయన నోట అలాంటి మాట నేను ఎన్నడూ వినలేదు. ఇన్ని రోజులూ మొండితనం అనుకున్నది భయమని నాకు అప్పటికి అర్థమైంది. అత్తమ్మ వెళ్లి పక్కన కూర్చుని, కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

"పోయినోళ్లు మళ్ల ఇల్లు చేరాలెననే గదరా, గిన్ని నియమాలు రాసిన్రు."

ఆయన ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నారు. వకీలు గారి కలం అడిగి తీసుకుని, మా ఇద్దరి పేర్ల కింద సంతకం పెట్టారు.