మబ్బు కమ్మిన కూత

ఆటలో నేను కన్ను తిప్పను. మా కంబాలపల్లిలో ఎవరినైనా అడగండి, ఈ మాటే చెప్తారు. నలభై ఒక్క ఏళ్లుగా మా ఊరి కబడ్డీ జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి పోయి, నడిమి గీతకు ఎదురుగా తువ్వాలు పరుచుకుని కూర్చుని, కూత మొదలైన దగ్గర్నుంచి ఆగేదాకా రెప్ప కొట్టకుండా చూసినవాణ్ణి. ఒకసారి ఆట మధ్యలో పంచెలోకి తేలు దూరింది. కుట్టింది కూడా. విశ్రాంతి ఈల పడేదాకా నేను అటు చూడలేదు. ఈల పడ్డాక పంచె విదిలిస్తే, పాపం, ఆ తేలే నీరసించిపోయి కాళ్లీడ్చుకుంటూ పోయింది.

నా పేరు నరసింహప్ప. డెబ్బై రెండేళ్లు. చదువు ఊరి బడిలో ఐదో తరగతి. నాకున్నది ఆరెకరాల ఎర్రనేల, భార్య భద్రమ్మ, కబడ్డీ జట్టు. ఈ మూడింటిలో నా మాట వినేది ఏదని మాత్రం అడగకండి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. జూన్ వచ్చేసరికి దుక్కులు దున్ని, వేరుశనగ కాయలు వొలిచి, గింజలు మూటలు కట్టి, వాన కోసం కూర్చుంటాం. ఒక్కో ఏడు పది రోజులు కూర్చుంటాం, ఒక్కో ఏడు రెండు నెలలు. ఊరికే కూర్చుంటే ఆకాశాన్ని తిట్టడం తప్ప వేరే పని ఉండదు గనక, కొత్తచెరువు చుట్టుపక్కల పన్నెండు ఊళ్లు కలిసి సరిగ్గా ఆ రోజుల్లోనే కబడ్డీ పోటీ పెట్టుకుంటాయి. పదును వాన, అంటే విత్తనం వేయడానికి చాలేంత వాన పడిందా, పోటీ ఆ నిమిషంలోనే ఆగిపోతుంది. అందరూ చేలకు పోతారు, షీల్డు పాత ఊళ్లోనే ఉండిపోతుంది. ఒక్కటి మాత్రం ఉంది. వాన పడేసరికి ఎవడైనా కూతలో ఉంటే ఆ కూత తేలాలి. తేలకుండా గ్రౌండు వదలకూడదు.

ఆ షీల్డు ఎనిమిదేళ్లుగా దొడ్డిగుంటలో ఉంది. మా ఊరి మొహం అది ఒక్కసారి కూడా చూడలేదు. మేము ఐదుసార్లు ఫైనల్‌కు పోయి ఐదుసార్లూ ఓడి వచ్చాం. మొదటిసారి మా గట్టి ఆటగాడికి అదే ఉదయం పెళ్లి. ఒంటి నిండా పసుపు, నూనె. వాణ్ణి ఎవరూ పట్టుకోలేకపోయారు, నిజమే. కానీ వాడూ ఎవరినీ పట్టుకోలేకపోయాడు, చేతులు జారిపోయాయి. రెండోసారి ఫైనల్ దొడ్డిగుంటలోనే. వాళ్లు మర్యాదగా మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు పెట్టారు. మావాళ్లు అడిగి అడిగి వేయించుకుని తిన్నారు. సాయంత్రం గ్రౌండులో ఏడుగురు నిలబడి ఉంటే ఏడు బానలు నిలబెట్టినట్టు ఉండింది. మిగతా మూడూ చెప్పను. వాటిలో మావాళ్లు బాగానే ఆడారు, అందుకే చెప్పాలంటే కడుపు మండుతుంది.

ఈ ఏడు మాత్రం నాకు నమ్మకం కుదిరింది. ఎందుకంటే ఓబిలేష్ వచ్చాడు. మా ఊరి పిల్లగాడే, ఇరవై మూడేళ్లు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పని. విత్తనానికి అని సెలవు పెట్టి వచ్చి, విత్తనం వేయడానికి వాన లేక, గ్రౌండులోకి దిగాడు. వాడు కూత పెడితే గొంతు ఎలా ఉంటుందంటే, ధర్మవరం స్టేషన్‌లో రైలు సిగ్నల్ అనుకుని ఆగిపోయింది. నమ్మకపోతే మానెయ్యండి.

జూలై రెండో వారం వచ్చింది. మేము గెలుస్తూ పోతున్నాం, వాన రాకుండా పోతోంది. గెలిచిన ప్రతి సాయంత్రం నేను ఇంటికి వచ్చి మొదట పడమటి దిక్కు చూసేవాణ్ణి. మబ్బు లేకపోతే లోపల సంతోషంగా ఉండేది. రైతుకు ఉండకూడని సంతోషం అది. భద్రమ్మ పసిగట్టింది.

"ఏమయ్యా, ఫైనల్ అయ్యేదాకా వాన రాకూడదని మొక్కుకున్నావంట?"

"ఎవరు చెప్పినారు?"

"నీ మొగమే చెప్తాండాది. ఇంట్లో మూడు మూటల విత్తనం ఉండాది. వాన రాకపోతే ఆ షీల్డు వండి పెట్టాల్నా నీకు?"

"ఒక్క నాలుగు దినాలు ఓర్చుకో. షీల్డు వచ్చినాక నేనే వానను పిలుస్తా."

"పిలువు పిలువు. నేను పిలిస్తేనే ఉలకవు, నువ్వు పిలిస్తే వాన వస్తాదా!"

ఫైనల్ కొత్తచెరువులో, ఒక తోట పక్క ఖాళీ నేలలో. దొడ్డిగుంటతోనే. రెండు ఊళ్ల జనం, చుట్టుపక్కల వాళ్లు కలిపి ఆరేడు వందల మంది. రెఫరీ ఎలిజబెత్ మేడం. ఒక హైస్కూల్లో ఆటల టీచరు. సన్నగా ఉంటుంది గానీ ఆమె ఈల వేస్తే పక్క ఊరి ఎద్దులు కూడా నిలబడతాయి. దొడ్డిగుంట కెప్టెన్ చంద్రమోహన్. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పొద్దున లేస్తే మగ్గం మీద ఆడే చేతులవి. ఆ చేతుల్లో పడినవాడు బయటికి రావడమంటే ముడి పడ్డ దారం లాగినంత కష్టం.

నేను నా చోట్లో కూర్చున్నాను. భద్రమ్మ వెనకాల ఆడవాళ్లతో కూర్చుంది. ఆట గురించి మీకు పూసగుచ్చినట్టు చెప్పగలను గానీ, నేను ఇది రాస్తుంటే భద్రమ్మ పక్కన నిలబడి "చాలు, అసలు సంగతి చెప్పు" అంటోంది. చెప్తాను. వాళ్లు ముందుకు పోయారు, మేము అందుకున్నాం, మళ్లీ పోయారు, మళ్లీ అందుకున్నాం. చివరికి ఇరవై ఏడు, ఇరవై ఏడు. మిగిలింది ఒకే ఒక్క కూత. అది మాది.

ఓబిలేష్ వంగి నేల తాకి, మట్టి అరచేతులకు రుద్దుకుని, దొడ్డిగుంట వైపు దిగాడు. కూత మొదలైంది. సరిగ్గా అప్పుడే ఎండ పోయింది. నేను పట్టించుకోలేదు. గాలి చల్లగా తగిలింది. పట్టించుకోలేదు. ఓబిలేష్ కుడివైపు వాణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. చంద్రమోహన్ కాలు పట్టుకున్నాడు. ఆ తాకించుకున్నవాడు నడుము పట్టాడు. మూడోవాడు మీద పడ్డాడు. నలుగురూ కలిసి నడిమి గీత వైపు జరుగుతున్నారు. ఓబిలేష్ చెయ్యి చాపాడు. గీతకు జానెడు దూరం.

అప్పుడు నా ముక్కు మీద ఒక చినుకు పడింది.

నాణెమంత చినుకు. చేతి మీద ఇంకొకటి. వెనక ఎవరో అరిచారు.

"వానా! వాన వస్తాండాదప్పో!"

ఆరేడు వందల మంది ఒకేసారి లేచారు. మట్టి వాసన గుప్పున లేచింది. పుట్టపర్తి కొండల మీదినుంచి నల్లటి మబ్బు, మా మాటలో మోడం, గేదెల మంద తోలుకొచ్చినట్టు, దుమ్ము రేపుకుంటూ వస్తోంది. ఈలలు, కేకలు, ఆడవాళ్ల నవ్వులు. ఎవరో పైతువ్వాలు గాల్లోకి విసిరేశారు. ఎలిజబెత్ మేడం ఈల వేసింది. ఆ ఈలకు అందరం కిందికి చూశాం.

ఓబిలేష్ నేల మీద ఉన్నాడు, ముగ్గురూ వాడి మీద ఉన్నారు. చెయ్యి గీత దగ్గరే ఉంది. కానీ గీతే లేదు. సున్నంతో గీసిన గీత, మొదటి చినుకులకే పాలు ఒలికినట్టు అయిపోయింది.

"తగిలినాది! మూడు పాయింట్లు మావే!" అని మావాళ్లు.

"యాడ తగిలినాది? పట్టేసినాం! పాయింటు మాది!" అని దొడ్డిగుంట వాళ్లు.

చెయ్యి గీతను తాకి ఉంటే షీల్డు మాది. తాకకముందే కూత ఆగి ఉంటే వాళ్లది. ఇంతే సంగతి. అందరూ ఎలిజబెత్ మేడం వైపు తిరిగారు. ఆమె మొహం ఎర్రబడింది.

"నిజం చెప్తాను, నన్ను తిట్టొద్దండి. మా నాయన కూడా మూడెకరాల రైతే. వాన అనేసరికి నేనూ పైకే చూసినా."

దొడ్డిగుంట పిల్లగాడు ప్రణీత్, డిగ్రీ చదువుతున్నాడు, ఆటంతా ఫోనులో వీడియో తీశాడు. "నా కాడ ఉండాది, నా కాడ ఉండాది" అంటూ వచ్చాడు. అందరం ఫోను మీద వాలాం. వీడియోలో ఓబిలేష్ కనిపించాడు, చంద్రమోహన్ కనిపించాడు, చెయ్యి చాపడం కనిపించింది. తర్వాత నేల, జనం కాళ్లు, తోట కంచె, అన్నీ సర్రున కిందికి జారి, తెర నిండా మబ్బు. ఒకటిన్నర నిమిషం మబ్బు. బాగా తీశాడు, మెచ్చుకోవాలి.

అప్పుడు చంద్రమోహన్ అన్నాడు.

"ఇదిగో, ఈ పెద్దాయన ఉండాడు కదా. నడిమి గీత ఎదురుగానే కూసున్నాడు. ఈయన కన్ను తిప్పడు. కోతలు ఎన్నైనా కోస్తాడు గానీ కబడ్డీలో అబద్ధం చెప్పడు. ఈయన ఏం చెప్తే మాకు అదే."

ఎదుటి ఊరి కెప్టెన్ ఆ మాట అనేసరికి నా గుండె ఒక్క గజం పైకి లేచింది. ఎలిజబెత్ మేడం నా దగ్గరికి వచ్చింది. తడిసిన ఆరేడు వందల మంది చుట్టూ మూగారు.

"తాతా, మీరు చూసినారా? గీత తగిలిందా, లేదా?"

నా నోట్లో షీల్డు ఉంది. ఒక్క మాట అంటే చాలు, నలభై ఒక్క ఏళ్లలో మొదటిసారి మా ఊరికి వస్తుంది. కానీ నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లేచి నిలబడి, తువ్వాలు భుజాన వేసుకుని, అందరికీ వినపడేలా చెప్పాను.

"నేను చూడలేదు మేడం. నేనూ మోడాన్నే చూస్తాంటి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనకనుంచి భద్రమ్మ నవ్వు వినపడింది. ఆమె నవ్వితే ఊరంతా నవ్వినట్టే.

"నలభై ఏండ్లాయ ఈయన కన్ను నా వైపు తిరగక! మోడం తిప్పింది సూడండమ్మా!"

ఆ నవ్వులో దొడ్డిగుంట వాళ్లు కూడా కలిశారు. చంద్రమోహన్ తల గోక్కుంటూ అన్నాడు.

"మేడం, నేను కూడా పైకే చూసినా. పట్టు ఉండాదో, వదిలినానో నాకే తెలీదు."

"నాకూ తెలీదన్నా," అన్నాడు ఓబిలేష్ బురద తుడుచుకుంటూ. "కంట్లో చినుకు పడినాది. కండ్లు మూసుకుంటి."

మొదలైన కూత తేలాలి, అదే కదా మా పద్ధతి. ఎలిజబెత్ మేడం కాలి మడమతో బురదలో కొత్త గీత గీసింది. ఆ ఒక్క కూతా మళ్లీ పెట్టమంది. ఓబిలేష్ వానలో కూత పెట్టాడు. గొంతు బాగానే లేచింది గానీ, నేల లేవనివ్వలేదు. రెండో అడుగులోనే కాలు జారి, వెల్లకిలా పడి, పడవలాగా జారుకుంటూ పోయి, నేరుగా చంద్రమోహన్ కాళ్ల దగ్గర ఆగాడు. చంద్రమోహన్ పట్టుకోవలసిన పని కూడా లేకపోయింది. వంగి వాడి పొట్ట మీద చెయ్యి పెట్టాడు, అంతే.

ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు. ఆరో ఫైనల్ కూడా పోయింది.

కానీ ఆ సాయంత్రం కొత్తచెరువు రోడ్డు మీద బస్సులో పోయినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, ఏ ఊరు గెలిచిందో చెప్పలేరు. రెండు ఊళ్ల వాళ్లూ ఒకేలా ఎగిరారు, ఒకేలా బురద పూసుకున్నారు. దొడ్డిగుంట వాళ్లు షీల్డును బోర్లించి తల మీద పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వాన తప్పించుకుంటున్నారు. ఓబిలేష్ చంద్రమోహన్ భుజం మీద చెయ్యి వేసుకుని "అన్నా, మీ చేన్లో ఎంత పడిందో ఫోన్ చేసి కనుక్కో" అంటున్నాడు. నేను మూడు కిలోమీటర్లు గొడుగు లేకుండా నడిచాను. భద్రమ్మ పక్కనే నడిచింది.

"బాధగా ఉండాదా?" అంది.

"షీల్డు పోతే పోనీలే. రేపు పొద్దున్నే గొర్రు కట్టాల. పదును ఆరకముందే విత్తనం పడాల."

"ఇప్పుడు మనిషివైనావు."

తెల్లారి ఆరెకరాలూ వేశాం. ఓబిలేష్ మా గొర్రు వెనక విత్తనం వదిలాడు. ఒక్క గింజ కూడా సాలు తప్పలేదు. వాడి చేతులు ఆ పనికి కబడ్డీ కంటే బాగా పనికొస్తాయని అంటే నవ్వాడు. ఇప్పుడు మొలకలు రెండాకులు వేశాయి. రోజూ పొద్దున పోయి చూసి వస్తున్నాను.

ఇదంతా నేను రాసి ఓబిలేష్‌కు చదివి వినిపిస్తే, వాడు మధ్యలో ఒకచోట గట్టిగా దగ్గాడు. అందుకని ఒప్పుకుంటున్నాను. ఇందులో ఒక్కటి నేను అల్లింది. ఎలిజబెత్ మేడం అడిగినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నిజం చెప్పానని రాశాను చూడండి, అది. నిజానికి నేను మొదట అన్నది, "తగిలినాది మేడం, కుడి చెయ్యి, నా కండ్లారా చూసినా" అని. మావాళ్లు తువ్వాళ్లు ఎగరేశారు కూడా. అప్పుడు ఓబిలేష్ బురద మొహంతోనే ముందుకొచ్చి, "తాతా, నా కుడి చెయ్యి చంద్రమోహనన్న సంకలో ఇరుక్కోనుండె, చాపింది ఎడమ చెయ్యి" అన్నాడు. ఆ తర్వాతే మబ్బు సంగతి నాకు గుర్తొచ్చింది.